ఇరవై కిలోల మూట, రెండు నిమిషాల నడక

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు. మాది శ్రీకాకుళం జిల్లాలో చిన్న ఊరు. ఎత్తు అయిదడుగులు, బరువు 43 కిలోలు. రైల్వే లెవెల్-1, అదే అందరూ గ్రూప్-డి అంటారు కదా, ఆ రాతపరీక్ష బాగా రాశాను. ఫిట్‌నెస్ టెస్టుకు పిలుస్తారన్న నమ్మకం ఉంది. మహా అయితే రెండు నెలల టైముంది. ఆడవాళ్లు 20 కిలోల బరువు ఎత్తుకుని, మధ్యలో దించకుండా, 2 నిమిషాల్లో 100 మీటర్లు వెళ్లాలి. 1000 మీటర్లు 5 నిమిషాల 40 సెకన్లలో పరుగెత్తాలి. దేనికైనా ఒక్కటే ఛాన్సు. మూడు వారాలుగా రోజూ పొద్దున్నే 20 లీటర్ల వాటర్ టిన్ను భుజాన పెట్టుకుని వీధి చివరిదాకా పరుగెత్తుతున్నాను. వెంటనే హైస్కూల్ గ్రౌండుకు వెళ్లి 1000 మీటర్లు పరుగెత్తుతున్నాను. మొదట్లో 6 నిమిషాల 20 సెకన్లు పట్టేది, ఇప్పుడు 6 నిమిషాల 40 సెకన్లు పడుతోంది. నడుము పట్టేసింది, భుజం ఒరుసుకుపోయింది. మా పెదనాన్నగారి అబ్బాయి జిమ్‌లో చేరమంటున్నాడు, నెలకు వెయ్యి రూపాయలట. అమ్మేమో ఆడపిల్ల బరువులెత్తితే గర్భసంచి జారిపోతుందని, ఈ ఉద్యోగమే వద్దని గొడవ. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయను?

సమాధానం: అమ్మాయీ, నిన్ను ‘నువ్వు’ అనే అంటాను, ఏమీ అనుకోకు. ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూలు గ్రౌండుల్లో అరిచిన నోరిది, మీరూ గీరూ అనడం రాదు. రైల్వే వాళ్లు ఈ పరీక్షను పీఈటీ అంటారు. బడిలో నన్ను పిలిచిందీ ఆ పేరుతోనే, పీఈటీ మేడమ్ అని. కాబట్టి ప్రశ్న సరైన చోటికే వచ్చింది.

మూడు వారాలుగా నువ్వు రోజూ పరీక్షే రాస్తున్నావు. మరి చదివేది ఎప్పుడు? రాతపరీక్షకు ఇలాగే రోజుకో ఫుల్ మోడల్ పేపర్ రాసేసి, పుస్తకం తెరవకుండా పడుకున్నావా? లేదు కదా. ఒంటి విషయంలోనూ అంతే. పూర్తి బరువు, పూర్తి దూరం, పూర్తి వేగం రోజూ లాగితే కండకు కోలుకునే సమయం దొరకదు. బలం పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, ఎత్తాక తిని పడుకున్నప్పుడు. నీ టైము 20 సెకన్లు వెనక్కి పోయిందంటే నీలో సత్తా లేదని కాదు, అలసట పేరుకుపోయిందని. ముందు ఒక వారం బరువు జోలికి వెళ్లకు. పొద్దునా సాయంత్రం అరగంట నడువు, అంతే. ఆ వారంలో నడుము నొప్పి తగ్గకపోయినా, నొప్పి కాలిలోకి పాకినా, పాదం తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించాకే మిగతాది.

ఇప్పుడు లెక్క చూద్దాం. 100 మీటర్లకు 2 నిమిషాలంటే గంటకు 3 కిలోమీటర్ల వేగం. నువ్వు బజారుకు వెళ్లే మామూలు నడక గంటకు 5 కిలోమీటర్లు ఉంటుంది. అంటే తీరిగ్గా నడిచినా నిమిషంన్నర లోపే అవతల ఉంటావు. మూటతో పరుగెత్తమని నీకెవరు చెప్పారు? నా దగ్గర సాధన చేసిన ఒకమ్మాయి, నీకంటే ఒడ్డూ పొడవూ ఉన్న పిల్ల, పక్క వరుసలో వాళ్లు పరుగెత్తుతున్నారని తనూ పరుగందుకుంది. డెబ్బై మీటర్ల దగ్గర మూట జారి కింద పడింది. అప్పటికి నిమిషం కూడా కాలేదు. ఇంటికొచ్చి ఏడుస్తూ చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తే: “మేడమ్, ఇంకా సగం టైముంది, దాన్ని ఏం చేసుకోను?” టైము చాలక కాదు, ఇలా మూట కింద పడేసుకుని తప్పేవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

అసలు చిక్కు నడకలో లేదు, మూటను నేల మీంచి భుజం మీదికి తెచ్చే ఆ నాలుగు సెకన్లలో ఉంది. నీ నడుము పట్టేసింది కూడా అక్కడే అయుంటుంది. టిన్ను ముందు నిలబడి, మోకాళ్లు వంచకుండా, వీపు విల్లులా వంచి ఒక్క ఊపున లాగుతున్నావని పందెం కడతాను. మన ఇళ్లలో ఊడ్చేటప్పుడూ ముగ్గేసేటప్పుడూ వంగేది అలాగే మరి, అలవాటు.

ఎలా ఎత్తాలో చెబుతాను, చదువుతూ చేసి చూడు. మూట పాదాల మధ్యకు వచ్చేలా నిలబడు, ముందుకు కాదు. పాదాలు భుజాలంత ఎడంగా ఉండాలి. పీట మీద కూర్చోబోతున్నట్టు తుంటిని వెనక్కి తోసి దిగు. ఛాతీ ఎత్తి, చూపు నాలుగైదు అడుగుల ముందు నేల మీద పెట్టు. రెండు చేతులూ మూట కిందికి పోనిచ్చి పొట్టకు హత్తుకో. ముందు తొడల మీదికి, అంటే ఒళ్లోకి లాక్కో. ఒక్క క్షణం అక్కడే ఆపి మళ్లీ గట్టిగా పట్టు దొరికించుకో. ఇప్పుడు గాలి వదులుతూ కాళ్లతో లే. లేచే ఊపులోనే మూట ఛాతీ దాకా వస్తుంది, అక్కడి నుంచి భుజం మీదికి ఒరిగించు. ఏడాది పిల్లాణ్ని నేల మీంచి తీసి చంకనేసుకునేది ఇలాగే: ముందు ఒళ్లోకి, తర్వాత పైకి. ఒకేసారి పైకి లాగితే పిల్లాడూ ఏడుస్తాడు, నడుమూ ఏడుస్తుంది. అక్కడ మూట ఎవరైనా అందిస్తారేమో అని ఆశ పెట్టుకోకు, నువ్వే ఎత్తాలి అనుకునే సిద్ధపడు.

మోసేటప్పుడు మార్కెట్ యార్డులో హమాలీలను చూడు, వాళ్లకంటే మంచి కోచ్‌లు లేరు. అడుగులు చిన్నవి, మోకాళ్లలో కాస్త వంపు, తల అటూ ఇటూ తిప్పరు. బస్తా ఒక పక్క భుజం చివర వేలాడదు, మెడ పక్కనుంచి వీపు పైభాగం దాకా పరుచుకుని ఉంటుంది. నీ భుజం ఒరుసుకుపోవడానికి కారణం వాటర్ టిన్ను అంచు. దాన్ని ఇక భుజానికి ఎత్తకు. భుజం మీదా, వీపు మీదా, రెండు విధాలా అలవాటు చేసుకో. ఎలా మోయాలో ఆ రోజు అక్కడివాళ్లు ఏం చెబితే అలా మోయగలగాలి.

మూట తయారీకి ఖర్చు లేదు. ఖాళీ యూరియా సంచి ఒకటి తెచ్చి కడిగి ఆరబెట్టు. ఆరిన ఇసుకను రెండేసి కిలోల చొప్పున గట్టి పాలిథిన్ కవర్లలో పోసి, మూతి కట్టి, కిరాణా కొట్టు కాటా మీద తూచి పెట్టుకో. పన్నెండు పొట్లాలు చాలు. ఏ రోజు ఎంత బరువు కావాలంటే అన్ని పొట్లాలు సంచిలో వేసుకోవడమే. సంచి మూతి బిగించేటప్పుడు లోపల కొంచెం వదులు ఉంచు. నీళ్ల టిన్ను గట్టిగా ఒక రూపంలో ఉంటుంది, ఇసుక మూట అలా కాదు, ఎత్తగానే అటూ ఇటూ జారుతుంది. పరీక్షలో ఎదురయ్యేది ఆ జారుడే, ఇంట్లోనే దాన్ని మచ్చిక చేసుకో. ఇంకో మాట, ఇంట్లో బియ్యం బస్తా ఉంది కదా అని దాన్ని ఎత్తకు. 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగులకు జీఎస్టీ వేసిన తర్వాత చాలా బస్తాలు 26 కిలోలయ్యాయి. నీకు ఇప్పుడే ఆ బరువు వద్దు.

ఆ విశ్రాంతి వారం అయ్యాక, మొదటి వారం 12 కిలోలు. నవ్వకు. రెండో వారం 14, మూడో వారం 16. నాలుగో వారం మళ్లీ 14కు తగ్గు, ఒళ్లు తేరుకోవాలి. అయిదో వారం 18, ఆరో వారం 20, ఏడో వారం 22. పరీక్షకు ముందు వారం మళ్లీ 12తో ఒకటి రెండుసార్లు, అంతే. 22 మోసిన భుజానికి 20 చేతికందగానే తేలిగ్గా తోస్తుంది. పిలుపు అనుకున్న దానికంటే ముందొస్తే నాలుగో వారం వదిలేయ్ గానీ, అప్పటిదాకా మోసిన ఎక్కువ బరువు మీద ఒకేసారి నాలుగు కిలోలు పెంచకు. మొదటి మూడు నాలుగు వారాల్లో అద్దంలో తేడా ఏమీ కనపడదు, కంగారు పడకు. అప్పుడు పెరిగే బలం కొత్త కండది కాదు. ఉన్న కండనే ఎక్కువ పని చేయించడం నరాలు నేర్చుకుంటాయి. ఆ నేర్చుకోవడానికే పొదుపుగా, మళ్లీ మళ్లీ, సరిగ్గా ఎత్తాలి.

సోమ, గురువారాలు బలానికి పెట్టుకో. మూటను ఛాతీకి హత్తుకుని బస్కీలు, విడతకు ఎనిమిది, మూడు విడతలు. విడతకూ విడతకూ మధ్య రెండు నిమిషాలు కూర్చో, ఫోన్ చూస్తూ అయిదు నిమిషాలు చేయకు. తర్వాత అదే మూటతో ఇంటి మెట్టు ఎక్కి దిగడం, కాలికి ఎనిమిది. తర్వాత తుంటి వంపు. ఇది చాలామంది తప్పు చేస్తారు కాబట్టి కాస్త ఆగుదాం. గోడకు వీపు పెట్టి ఒక అడుగు ముందుకు జరిగి నిలబడు. మోకాళ్లు కొంచెం సడలించి, వీపు చీపురు కర్రలా నిటారుగా ఉంచి, కూర్చునే చోటుతో గోడను తాకడానికి ప్రయత్నించు. గోడ తగిలినప్పుడు తొడల వెనక నరం లాగినట్టు ఉంటే సరిగ్గా చేసినట్టే, నడుములో లాగితే తప్పు చేసినట్టు. ఖాళీ చేతులతో అది కుదిరాక, రెండు చిన్న పెయింటు బకెట్లలో సగం సగం నీళ్లు పోసి పట్టుకుని చెయ్యి, పదేసి సార్లు. ఆ బకెట్లే నిండా నింపి, భుజాలు వాలకుండా పెరట్లో నలభై మీటర్లు నాలుగుసార్లు నడువు. పిడికిలికీ నడుముకీ దీన్ని మించిన వ్యాయామం నేను చూడలేదు. చివర మంచం పట్టె మీద చేతులు ఆనించి దండీలు, ఎన్ని వస్తే అన్ని. ఏ విడతలోనైనా ‘ఇంకో రెండు చేయగలను’ అనిపించినప్పుడే ఆపు. కాళ్లు వణికేదాకా లాగడం మగపిల్లల సరదా, మనకొద్దు. వాళ్లకూ వద్దు, కానీ వింటారా?

ఇదంతా నలభై నిమిషాల పని. జిమ్ అవసరం లేదు. అక్కడ తెలిసిన మనిషి ఉండి, దగ్గరుండి చూపిస్తే మంచిదే. చేరిన రోజే ప్రొటీన్ పొడి డబ్బా అంటగట్టే చోటైతే ఆ వెయ్యి రూపాయలతో గుడ్లు కొనుక్కో.

పరుగు సంగతికి వద్దాం. నిజం చెప్పాలంటే నీకు మూట కంటే పరుగే గండం. 6 నిమిషాల 40 సెకన్ల నుంచి 5 నిమిషాల 40 సెకన్లకు రావాలి, నిమిషం తగ్గాలి. అందులో ఇరవై సెకన్లు విశ్రాంతితోనే వెనక్కి వస్తాయి, ఎందుకంటే అవి నువ్వు అలసటతో పోగొట్టుకున్నవి. మిగతా నలభై సాధనతో రావాలి. మీ గ్రౌండులో రౌండు 200 మీటర్లయితే అయిదు రౌండ్లు, రౌండుకు 68 సెకన్లు. ఈ 68 అనే అంకె కాళ్లకు కంఠతా రావాలి. ఎక్కువమంది మొదటి రౌండు 50 సెకన్లలో కొట్టేసి, మూడో రౌండుకు డొక్కలో నొప్పి పట్టి, నాలుగో రౌండు నడుస్తారు. నువ్వూ అదే చేస్తున్నావేమో, ఈసారి రౌండు రౌండుకూ టైము రాసుకుంటే బండారం బయటపడుతుంది.

మంగళవారం 200 మీటర్లు 65 సెకన్లలో పరుగెత్తి, రెండు నిమిషాలు నడిచి, మళ్లీ పరుగెత్తు. మొదట్లో నాలుగుసార్లు, పోనుపోను ఎనిమిదిసార్లు. అరవై అయిదు రాకపోతే డెబ్బైతో మొదలుపెట్టు. శుక్రవారం తీరిగ్గా ఇరవై, పాతిక నిమిషాలు, పక్కన ఎవరైనా ఉంటే మాట్లాడగలిగేంత నెమ్మదిగా. ఆయాసం వస్తే నడువు, మళ్లీ అందుకో. ఈ నెమ్మది పరుగును అందరూ చిన్నచూపు చూస్తారు, దమ్ము పెరిగేది మాత్రం దీంతోనే. శనివారం మూటతో 100 మీటర్లు, నడకే సుమా, రెండుసార్లు. పది నిమిషాలు ఆగి 600 మీటర్లు పరీక్ష వేగంతో. పూర్తి 1000 మీటర్లు టైము పెట్టుకుని పరుగెత్తేది రెండు వారాలకొకసారే. బుధ, ఆదివారాలు ఏమీ చేయకు. చేయకపోతే వెనకబడిపోతానన్న భయం వేస్తుంది, వేయనీ.

మెట్లెక్కినా ఆయాసం వస్తోందా? కళ్లు తిరుగుతున్నాయా? ఉత్తరంలో రాయలేదు గానీ, నీ బరువు చూస్తే అడగాలనిపించింది. దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకో. 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగం మందికి పైగా రక్తహీనత ఉందని తేలింది. రక్తం తక్కువుంటే ఎన్ని రౌండ్లు కొట్టినా దమ్ము రాదు, ముందు డాక్టరు ఇచ్చే ఐరన్ మాత్రలు పడాలి. నా బడిలో ‘బద్ధకస్తురాలు’ అని నేనే తిట్టిన ఒక పిల్లకు హిమోగ్లోబిన్ 8 ఉందని తర్వాత తెలిసింది. ఆ సిగ్గు ఇంకా పోలేదు నాకు.

తిండికి పెద్ద పట్టిక రాయను. 43 కిలోల మనిషికి ఈ రెండు నెలలూ రోజుకు 60 గ్రాముల దాకా మాంసకృత్తులు పడాలి. రెండు గుడ్లకు 12 గ్రాములు వస్తాయి. గుప్పెడు వేరుశనగ గుళ్లకు ఏడెనిమిది. గ్లాసు పాలో పెరుగో ఇంకో ఆరు. మిగతాది పప్పు, ఉలవలు, చేప, అన్నంలోంచి కూడబెట్టుకోవాలి. పొద్దున్నే మీ వైపు చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతారు కదా, మానకు. పలచటి చారు పోసుకుని అన్నం మింగేసి లేచే రోజులు మాత్రం మానెయ్. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే గంట ఆగి తాగు, అది తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పరీక్ష ముందు ఎవరో ఇంజెక్షనో ‘పవర్’ మాత్రో ఇస్తామంటే ఆ మనిషి ఉన్న వీధికే వెళ్లకు.

ఆ రోజు నెలసరి వస్తే ఎలా అని నువ్వు అడగలేదు, అడగడానికి మొహమాటపడి ఉంటావు. ఈ రెండు నెలల్లో నెలసరి రోజుల్లోనూ తేలిగ్గా సాధన చేసి చూడు. ఏ రోజు కష్టం, ఏ రోజు ఫర్వాలేదు అనేది నీకే తెలుస్తుంది, అప్పుడు ఆ రోజు వచ్చినా బెంబేలెత్తవు. వాయిదా మాత్రలు మందుల షాపులో అడిగి తెచ్చుకోకు, కావాలంటే డాక్టరును అడుగు. బూట్లు ఇప్పుడు వాడుతున్నవే వేసుకో, కొత్తవి ముందురోజు కొనకు. భుజం దగ్గర మందంగా ఉన్న కాటన్ చొక్కా వేసుకుంటే ఒరుసుకుపోదు.

ఇక మీ అమ్మగారి మాట. ఆవిడ భయాన్ని కొట్టిపారేయకు, గాలిలోంచి పుట్టింది కాదది. గర్భసంచి జారడం ఉన్న జబ్బే. ఎక్కువగా కాన్పుల వల్ల కటి కండరాలు సడలి, వయసు పైబడ్డాక వస్తుంది. పురుడు పోసుకుని నెల తిరక్కుండానే పొలం పోయి మూటలెత్తినవాళ్లను ఆవిడ చూసే ఉంటుంది. నీ సంగతి వేరు. పెళ్లీ పిల్లల సంగతి నువ్వు రాయలేదు, ఇంకా కాలేదనే అనుకుంటున్నాను. ఆరోగ్యంగా ఉన్న 24 ఏళ్ల పిల్ల, 12 కిలోలతో మొదలుపెట్టి, ఊపిరి బిగబట్టకుండా ఎత్తే బరువుకు గర్భసంచి జారుతుందని భయపడనక్కర్లేదు. రేపు ఉద్యోగం వస్తే, అందులోనూ ట్రాక్ మెయింటెయినర్ పోస్టు వస్తే, మన పెద్దలు గ్యాంగ్‌మన్ అన్నదే, ఇంతకంటే బరువులతోనే పని. ఆ లైన్లో పట్టాలను పిలవడమే మీటరు బరువును బట్టి, 52 కిలోలది, 60 కిలోలది అని. అంచేత ఇప్పుడు నేర్చుకున్న ఎత్తే పద్ధతి పరీక్షతో అయిపోయేది కాదు.

పొలం నుంచి గడ్డిమోపు తేవడం, చెరువు నుంచి నీళ్ల బిందె మోయడం మీ అమ్మగారికి తెలియని పనులు కావు. ఒక శనివారం ఆవిణ్ని గ్రౌండుకు తీసుకెళ్లి టైము చూడమని ఫోన్ చేతికివ్వు. మూట నువ్వు వంకరగా ఎత్తితే నాకంటే ముందు ఆవిడే అరుస్తుంది.